తడి ట్రాకులో పసుపు జెండా

ఏడాదిగా పాత దుప్పటి కింద పడి ఉన్న కప్పను మళ్ళీ ట్రాకు ఎక్కించాల్సిందేనని అక్క పట్టుబట్టడం, చెల్లెలు వద్దువద్దంటూనే దాన్ని ఒక్కో బోల్టూ బిగించి నిలబెట్టడం, తీరా పాత కార్ల వాళ్ళకు ట్రాకు వదిలే రోజు పొద్దున్నే వాన పట్టుకోవడం పోయిన వారం చూశాం. చచ్చినా అటు రానన్న తండ్రి అద్దె కారులో దిగాడు. ఒక చేతిలో చేతికర్ర, ఇంకో చేతిలో హెల్మెట్. గ్యారేజీ షట్టరు ముందు నిలబడి, పక్క సీట్లో తను కూర్చుంటానన్నాడు.

కప్ప అంటే కారే. ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, పైన కప్పు లేదు, బానెట్ మీద గుడ్లు తేలేసినట్టు రెండు దీపాలు. చెల్లెలు మాటలు నేర్చుకునే వయసులో దాన్ని చూసి కప్ప అంది, అదే ఖాయమైపోయింది. పోయినేడు ఇదే ట్రాకులో, ఇలాంటి వానలోనే, పల్లం దిగాక వచ్చే పొడుగాటి కుడి మలుపులో కప్ప అదుపు తప్పి గోడను గుద్దింది. నడుపుతున్నది తండ్రి. పక్కన కూర్చున్నది అల్లుడు, అంటే అక్క భర్త. తండ్రికి తుంటి విరిగింది. అల్లుడు ఆసుపత్రి చేరేదాకా కూడా బతకలేదు.

మంచం మీద నుంచి తండ్రి చెప్పింది ఒకటే మాట. బ్రేకు తొక్కగానే వెనక చక్రాలు బిగుసుకుపోయాయి, కారు బొంగరంలా తిరిగింది, తన చేతుల్లో ఏమీ లేదు. ఆ పొద్దున బ్రేకులు సరిచేసింది చెల్లెలు. ఇంక ఎవరికీ వేరే కారణం అక్కర్లేకపోయింది. అక్క అత్తగారు వీధిలో నిలబడి, కోడలి చెల్లెలి చేతిలో స్పానరే తన కొడుకును మింగిందని నలుగురూ వినేలా అంది. చెల్లెలు ఎదురు చెప్పలేదు, ఎందుకంటే ఆమె కూడా అదే నమ్మింది. పాత కార్లు బాగుచేసే తన షెడ్డుకు తాళం వేసి, మందుల గోదాములో అట్టపెట్టెలు సర్దే పనికి కుదిరింది. ఇంట్లో తండ్రి ఏ గదిలో ఉంటే ఆ గదిలోకి అడుగు పెట్టడం మానేసింది. అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు కూడా కూర ఏం వండాలి, గ్యాస్ అయిపోయింది అనేదాకా తగ్గిపోయాయి.

అలాంటి ముగ్గురూ ఇప్పుడు ఒకే రేకుల కప్పు కింద ఉన్నారు. పైన వాన చప్పుడు. పక్క గ్యారేజీలో ఎవరో ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటూ, కప్పకి వానంటే పండగ కదా అని జోకు వేశారు. ఇటు నుంచి ఎవరూ నవ్వకపోయేసరికి వాళ్ళూ ఆపేశారు.

చెల్లెలు కారు కింద వెల్లకిలా పడుకుని పని చేస్తోంది. తడి ట్రాకుకు కారును తయారు చేయడమంటే దాని ఒళ్ళు వదులు చేయడమే. పొడి రోజున మలుపుల్లో ఒరగకుండా బిగువుగా ఉండాల్సిన కారు, వానలో మెత్తగా ఊగాలి. బిగుసుకుని ఉంటే చక్రం నేలను పట్టుకునేలోపే జారిపోతుంది. అందుకని షాక్ అబ్సార్బర్లు మెత్తబరిచింది. వెనక చక్రాలు రెంటినీ కలిపి పట్టుకునే ఇనుప కడ్డీకి ఒక పక్క బోల్టు ఊడదీసి వేలాడేసింది. టైర్ల గాళ్ళలో ఇరుక్కున్న గులకరాళ్ళు స్క్రూడ్రైవరుతో ఏరింది, గాలి చూసింది, మళ్ళీ చూసింది.

మిగిలింది బ్రేకు. పొడి నేల మీద గట్టిగా తొక్కితే కారు బరువంతా ముందుకు పడుతుంది కాబట్టి ముందు చక్రాలే ఎక్కువగా ఆపాలి. తడిలో అంత గట్టిగా తొక్కలేం, బరువూ అంతగా ముందుకు రాదు. అందుకని వెనక చక్రాలకు కాస్త ఎక్కువ పని అప్పగిస్తారు. కాస్త అంటే కాస్తే. అది మించితే వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని, కారు తోక ముందుకొస్తుంది. పెడల్ వెనక ఉండే ఒక చిన్న మర తిప్పి ఈ లెక్క మారుస్తారు. పోయినేడు గోడకు గుద్దుకున్నప్పుడు ఆ మర విరిగి ముక్కలైంది, ఇప్పుడున్నది కొత్తది. చెల్లెలు దాన్ని సరిగ్గా తిప్పిందో ఎక్కువ తిప్పిందో తేల్చడానికి ఇంకే ఆధారమూ మిగల్లేదు.

ఎంత పెట్టమంటావని చెల్లెలు అడిగింది.

"ఆ రోజు ఎంత పెట్టావో అంతే పెట్టు" అంది అక్క.

చెల్లెలు పెడల్ దగ్గర నుంచి తల బయటికి తీసింది. అక్క ఆమె వైపు చూడకుండా చేతులకు తొడుగులు వేసుకుంటోంది. చెల్లెలు చాలా రకాలుగా నచ్చజెప్పింది. కొంచెం ముందుకు పెడతానంది. నెమ్మదిగా తిరిగొచ్చాక చూసి మారుద్దామంది. చివరికి, ఇంకొకరి ప్రాణం నా చేతుల మీద వేసుకునే ఓపిక నాకు లేదక్కా అంది. అక్క అన్నీ విన్నది. విని, ఆ మర తప్పో ఒప్పో ఇవాళ తేలిపోవాలని, తేలకపోతే ఒకే ఇంట్లో ఉండి కూడా మనిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేమని చెప్పింది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. దానికి చెల్లెలికి మరీ భయం వేసింది.

తండ్రి ఇదంతా వింటూనే ఉన్నాడు. నడుపుతున్నప్పుడు పక్కనుండి, ఎక్కడ ఏం జరిగిందో చెబుతానన్నాడు. నువ్వొక్కదానివే వెళితే కంగారు పడతావన్నాడు. ఆడపిల్లలిద్దరికీ సైకిలు కంటే ముందు స్టీరింగు పట్టడం నేర్పిన మనిషి. వానలో బండి నడపడమంటే పడుకున్న పసిపిల్లను ఎత్తుకోవడం లాంటిదని, దేన్నీ లాగకూడదు, దేన్నీ తోయకూడదని చిన్నప్పుడు వాళ్ళకు పాఠంలా చెప్పేవాడు. అక్క ఒక్క క్షణం ఆలోచించి సరేనంది. విరిగిన తుంటితో ఆ ఇరుకు సీట్లోకి దిగడానికి అతనికి చాలాసేపు పట్టింది. చెల్లెలు సాయానికి వంగబోయి, ఆగిపోయింది. చివరికి బెల్టు మాత్రం బిగించింది. అతను ఆమె భుజం దాటి ఎటో చూస్తూ కూర్చున్నాడు.

మొదట్లో అక్క నెమ్మదిగానే తిప్పింది. కారు ముందు అద్దం జానెడు ఎత్తు కూడా లేదు. వైపరు ఒక పక్క తుడుస్తుంటే నీళ్ళు ఇంకో పక్క నుంచి మొహం మీద పడుతున్నాయి. ఎండలో అందరూ నడిచే దారి, రబ్బరు రాసుకుని రాసుకుని ఇప్పుడు అద్దంలా మెరుస్తోంది. దాన్ని తప్పించి, గరుకుగా ఉన్న బయటి అంచు మీదుగా నడిపింది. మలుపుల దగ్గర ఎరుపూ తెలుపూ పూసిన రంగుగట్ల మీదికి చక్రం ఎక్కకుండా చూసుకుంది. యాక్సిలరేటర్ మీద కాలు గుడ్డు మీద పెట్టినట్టు పెట్టింది. అయినా పల్లపు చోట నీళ్ళు ట్రాకుకు అడ్డంగా పారుతుంటే, స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోయి, మళ్ళీ బరువెక్కేది.

తండ్రి ఇంజిను రొదలో ఆమె చెవి దగ్గర అరిచి చెబుతున్నాడు. ఇక్కడ ఎడమ, ఇప్పుడు మూడో గేరు, ఇక్కడ ఎత్తు, కాలు తీసెయ్. ఒక్కటీ తప్పు పోలేదు. ఇన్నేళ్ళలో ఈ ట్రాకు అతని ఒంట్లోకి ఇంకిపోయింది. వినే కొద్దీ అక్కకు ధైర్యం వచ్చింది. ఈ మనిషి తప్పు చేసే మనిషి కాదు, అయితే తప్పు ఆ మరదే అయి ఉంటుందని అనిపించింది. ఆ వెంటనే చెల్లెలి మొహం గుర్తొచ్చింది.

పల్లం మొదలయ్యే చోట, ఎదురుగా, ముందు ప్రమాదం ఉంది నెమ్మదించమని పసుపు జెండా ఊగుతోంది. దాని అవతల ఒక తెల్ల కారు జారి గిర్రున తిరిగి, ట్రాకుకు సగం అడ్డంగా ఆగి ఉంది. పక్కన రెయిన్‌కోటు వేసుకున్న మనిషి నిలబడి చేతులూపుతున్నాడు. అక్క మెల్లగా కాలు తీసి, గేరు తగ్గించింది.

"ఎందుకు తగ్గించావ్?" అని అరిచాడు తండ్రి. "రోడ్డు ఖాళీగానే ఉందిగా, పోనీ."

తను సరిగ్గా వినలేదనుకుంది అక్క. అతని వైపు చూసింది. హెల్మెట్ అద్దం పైకెత్తి ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, తల తిన్నగా ముందుకే ఉంది. జెండా దగ్గరపడింది. తెల్ల కారు దగ్గరపడింది. దాన్ని దాటుతూ పక్కకు వచ్చినప్పుడు మాత్రం అతను ఉలిక్కిపడి తల తిప్పాడు, అది అప్పుడే నేలలోంచి మొలిచినట్టు.

ఆ చుట్టు మొత్తం వాన చప్పుడు తప్ప ఆమెకు ఏమీ వినబడలేదు. తిరిగి పల్లం దగ్గరికి వచ్చేసరికి తెల్ల కారును తాడు కట్టి లాగేశారు, జెండా దించేశారు. మలుపుకు ముందు, ఎంత దూరం ఉందో తెలియడానికి గట్టు పక్కన వరుసగా తెల్ల పలకలు నిలబెట్టి ఉంటాయి. ఏ పలక దగ్గర బ్రేకు తొక్కాలో ఎవరి లెక్క వారిది.

"నాన్నా, ఆ రోజు ఎక్కడ తొక్కావో అక్కడ చెప్పు. నువ్వు అనగానే తొక్కుతాను" అంది.

వేగం పెంచింది. మొదటి పలక వెళ్ళిపోయింది. అతను నోరు విప్పలేదు. రెండోది వెళ్ళిపోయింది. నాన్నా అని పిలిచింది. అతని చెయ్యి సీటు అంచును పట్టుకుని బిగుసుకుంది.

"ఇంకా ఉంది" అన్నాడు.

ఆఖరి పలక అప్పటికే వాళ్ళ వెనక ఉంది. ఎదురుగా గోడ కనిపిస్తోంది. పోయినేడు మార్చిన చోట సిమెంటు రంగు వేరుగా ఉంది. ఆమె బ్రేకు తొక్కింది.

వానలో అలా తొక్కకూడదు. తొక్కింది, ఎందుకంటే ఆ రోజూ ఇలాగే తొక్కి ఉంటాడని ఇప్పుడు ఆమెకు తెలుసు. ముందు చక్రాలు ఒక్క క్షణం జారాయి. కాలు కొద్దిగా వదిలి మళ్ళీ అదిమింది. పట్టాయి. వెనక చక్రాలు బిగుసుకోలేదు, తోక కదల్లేదు. కప్ప తన బరువంతా మోకాళ్ళ మీద వేసుకుని, గీత గీసినట్టు తిన్నగా వెళ్ళి, గోడకు బాగా ఇవతలే నెమ్మదించి, మలుపు తిరిగింది. ఏ మర కోసం చెల్లెలు ఏడాదిగా తల దించుకుని బతికిందో, అది సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది.

అక్క ఆ చుట్టు పూర్తి చేసి గ్యారేజీలోకి వచ్చేసింది.

ఇంజిను ఆపాక ఎవరూ దిగలేదు. వేడెక్కిన గొట్టాల మీద నీటి చుక్కలు పడి చిటపటమంటున్నాయి. చెల్లెలు షట్టరు పక్కన నిలబడి ఉంది, చేతిలో తడిసిన గుడ్డ. అది పిండడం కూడా మరిచిపోయింది. కారు క్షేమంగా తిరిగొచ్చిందన్నదే ఆమెకు చాలినట్టుంది, ఏమయిందని అడగలేదు.

అక్క హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ముందు చక్రాలే ముందు జారాయి. వెనకవి కదల్లేదు. నీ మర సరిగ్గానే ఉంది, బుజ్జీ."

చిన్నప్పటి పిలుపు. ఏడాది తరువాత మొదటిసారి. చెల్లెలికి మాట అర్థం కాలేదు. అంత గట్టిగా తొక్కలేదేమో అంది. ఆ రోజు వాన ఇంకా ఎక్కువేమో అంది. తన తప్పు తన దగ్గర నుంచి ఎవరో లాక్కుంటున్నట్టు, దాన్ని పట్టుకునే ఉండిపోవాలన్నట్టు మాట్లాడింది. అక్క అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. అప్పుడు చెల్లెలు గోడ పక్కన పేర్చిన టైర్ల మీద కూలబడింది. ఏడవలేదు. గ్రీజు చేతులను ఒకదానితో ఒకటి పట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది.

అక్క తండ్రి వైపు తిరిగింది.

"నీకు ఎప్పటి నుంచి కనిపించట్లేదు నాన్నా?"

అతను వాన అన్నాడు. హెల్మెట్‌లో ఆవిరి పట్టిందన్నాడు. ఈ వయసులో ఎవరికైనా చూపు కాస్త తగ్గకుండా ఉంటుందా అన్నాడు. అక్క అడ్డు చెప్పకుండా అంతా చెప్పనిచ్చింది. అతను ఆగాక, తెల్ల కారు గురించి చెప్పింది. అంత పెద్ద కారు దారికి అడ్డంగా ఉంది, దాని పక్కన మనిషి ఉన్నాడు, ముందర జెండా ఊపుతున్నారు, నువ్వు రోడ్డు ఖాళీగా ఉందన్నావు అంది. మాటలు బయటికి వస్తుంటే, ఇన్నాళ్ళూ కళ్ళ ముందే ఉన్నవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. టీ కప్పు అంచు దాటి బల్ల మీద పోసుకోవడం. టీవీ ముందు మెడ పక్కకు తిప్పుకుని కూర్చోవడం. ఇంటికి వచ్చినవాళ్ళు నోరు తెరిచేదాకా పలకరించకపోవడం. ఎవరితో మాట్లాడినా మొహంలోకి కాకుండా చెవి వైపు చూడటం. వీధిలో వాళ్ళందరూ పెద్దాయనకు పొగరనుకునేవారు.

"నా మొహం చూడ్డం ఇష్టం లేదేమో అనుకున్నాను" అంది చెల్లెలు టైర్ల మీద నుంచి. "ఏడాది నుంచీ అలాగే అనుకుంటున్నాను."

అతను ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పబోయి మానేశాడు. హెల్మెట్ తీయడానికి గొంతు కింద పట్టీ కోసం వెతికాడు. అది దొరకలేదు. ఎవరూ సాయం చేయలేదు. చివరికి అది ఊడాక, తడిసిన నెరిసిన జుట్టుతో, చాలా చిన్న మనిషిలా కనిపించాడు.

అప్పుడు చెప్పాడు. చూపు మధ్యలో మసి పూసినట్టు ఉంటుంది, చుట్టూ అంచుల్లో బాగానే కనిపిస్తుంది. మొదట్లో బియ్యపు గింజంత మచ్చ. తరువాత పెరిగింది. దేన్ని చూడాలని చూస్తే అదే మాయమవుతుంది. కళ్ళ డాక్టరు ఇంకెప్పుడూ స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. మంచి వెలుతురు ఉన్న పొడి రోజున నల్లటి రోడ్డుకూ గడ్డికీ తేడా తెలుస్తుంది కాబట్టి నెట్టుకొచ్చాడు. మిగతాది ఒళ్ళు చూసుకునేది. వానలో మాత్రం రోడ్డూ ఆకాశమూ గోడా అంతా ఒకటే బూడిదరంగు.

డాక్టరు దగ్గరికి నిన్నెవరు తీసుకెళ్ళారని అక్క అడిగింది. ఒంటరిగా వెళ్ళి ఉండడని ఆమెకు తెలుసు.

"నీ మొగుడు."

అక్క ఒళ్ళోని హెల్మెట్ తీసి కింద పెట్టింది.

"అతనికి తెలుసమ్మా. అతనొక్కడికే తెలుసు. ఎన్నిసార్లు మానెయ్యమన్నాడో. నేను వినలేదు. నడపకపోతే నేనెందుకు ఇంక, అన్నాను. అలా అనేసరికి జాలిపడ్డాడు. అయితే నేను పక్కన కూర్చుంటా మామయ్యా, నా కళ్ళతో నడపండి అన్నాడు. కుడి అంటే కుడి, బ్రేకంటే బ్రేకు. చాలాసార్లు అలాగే తిరిగాం. మీరేమో మామా అల్లుళ్ళకి భలే జత కుదిరిందని మురిసిపోయేవారు."

అక్కకు ఆ ఆదివారాలు గుర్తొచ్చాయి. భర్త వాన రోజున కూడా హెల్మెట్ తీసుకుని బయలుదేరుతుంటే, ఇంట్లో ఉండొచ్చుగా అని తను గొణగడం. మామయ్య ఒక్కరే అయిపోతారు అని అతను నవ్వుతూ వెళ్ళిపోవడం. అతనికి కార్ల పిచ్చి లేదు. ఎప్పుడూ లేదు. తన కోసమే నేర్చుకున్నాడని ఇన్నాళ్ళూ అనుకుంది.

లేచి నిలబడింది చెల్లెలు. తండ్రికి ఎదురుగా వచ్చి, ఒకటే అడిగింది.

"బ్రేకు బాగానే ఉందని నీకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. మరి నా మీదికెందుకు తోశావు నాన్నా?"

జవాబు, ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకుని అరిగిపోయిన మాటలా వచ్చింది.

"నువ్వు చేశావంటే పొరపాటంటారు. నేను చేశానంటే చంపాడంటారు. కళ్ళు లేవని తెలిసీ నడిపాడు, సొంత అల్లుణ్ణి చంపుకున్నాడు అంటారు. నీది చిన్న వయసు, జనం మరిచిపోతారనుకున్నాను."

"మరిచిపోయారు. జనం ఎప్పుడో మరిచిపోయారు" అంది చెల్లెలు. "నేనే మరిచిపోలేదు. రోజూ పొద్దున్నే లేచి ఆ మర ఎంత తిప్పానా అని వేళ్ళు తిప్పి చూసుకునేదాన్ని. మందులు తీసుకెళ్ళేవాళ్ళకి పెట్టె అందించాలన్నా భయమే, నా చేత్తో ఇస్తే ఏమవుతుందోనని."

అతను తల దించుకున్నాడు. అక్కకు అప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఇవాళ అసలు ఎందుకు వచ్చావని అడిగింది. రానన్నవాడివి, కర్ర పట్టుకుని వానలో ఎందుకు పరిగెత్తుకొచ్చావంది. అతను దాచలేదు. నువ్వొక్కదానివే వెళితే గట్టిగా తొక్కి చూస్తావు, బ్రేకు బాగుందని తెలిసిపోతుంది, విరిగిన తుంటితో నేను పక్కనుంటే అంత సాహసం చేయవనుకున్నాను అన్నాడు. ఆ మాట విన్నాక అక్కకు అతని మీద మిగిలిన జాలి కూడా చేతుల్లోంచి జారిపోయినట్టనిపించింది. కారు దిగి, అతనికి దూరంగా పనిముట్ల బల్ల దగ్గర నిలబడింది.

కానీ అడగాల్సిన ప్రశ్న ఇంకా ఉంది. ఏడాదిగా ఆమెను నిద్రపోనివ్వని ప్రశ్న అదొక్కటే.

"అన్నిసార్లు సరిగ్గా చెప్పిన మనిషి, ఆ ఒక్క మలుపు దగ్గర ఎందుకు చెప్పలేదు? పలకలు ఆయనకి కనిపిస్తున్నాయిగా."

తండ్రి సీట్లో కదిలాడు. తుంటి నొప్పి మొహంలో తెలిసింది.

"గొడవ పడుతున్నాం" అన్నాడు. "ఎత్తు దిగుతున్నప్పుడు మొదలుపెట్టాడు. మామయ్యా, ఇంక నా వల్ల కాదు, ఇంటికెళ్ళగానే చెప్పేస్తాను అన్నాడు. వద్దన్నాను. చెప్పేస్తానన్నాడు. నోరు మూసుకుని రోడ్డు చూడమని అరిచాను. అతను నా వైపు తిరిగాడు. రోడ్డు చూడలేదు. తరువాత అమ్మో అని ఒక్క మాట వినబడింది. అప్పుడు తొక్కాను."

అమ్మో అన్న ఆ మాట అక్క ఒంట్లో ఎక్కడ దిగిందో ఆమెకే తెలియలేదు. బల్ల అంచు పట్టుకుంది. ఇన్నాళ్ళూ భర్త ఆఖరి మాట ఏమై ఉంటుందా అని ఎన్నో ఊహించుకుంది. ఇంత చిన్నదని ఊహించుకోలేదు. చెప్పేస్తే ఏమయ్యేదంది. నీ కళ్ళ సంగతి తెలిస్తే మేం నిన్ను కారెక్కనిచ్చేవాళ్ళం కాదు, అంతే కదా, దానికి ఒక మనిషి ప్రాణం పోవాలా అంది.

"అతను చెప్పేస్తానన్నది నా కళ్ళ సంగతి కాదమ్మా."

అక్కకు వెంటనే అర్థం కాలేదు.

తండ్రి చేతికర్ర కోసం గాలిలో చెయ్యి చాపాడు, అది అందక మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. చిన్నదాన్ని కాసేపు బయటికి పంపు, అప్పుడు చెబుతాను అన్నాడు. అక్క పంపనంది. ఇన్నాళ్ళు దాని వెనక దాక్కున్నావు, ఇంక దాని ముందే చెప్పాలంది. ఏం చెప్పినా దాని ముందే.

"అయితే నన్ను అడక్కు. దాన్నే అడుగు" అన్నాడు.

అక్క చెల్లెలి వైపు తిరిగింది. నిర్దోషినని తెలిసి పట్టుమని పది నిమిషాలు కాలేదు, ఇంకో నింద ఏమిటన్న ఆశ్చర్యమో కోపమో ఆ మొహంలో కనిపిస్తుందనుకుంది. అవేవీ లేవు. చెల్లెలి పెదాలు పాలిపోయి ఉన్నాయి. చాలా కాలంగా తలుపు కొడతారని ఎదురుచూసి, చివరికి ఆ చప్పుడు విన్న మనిషిలా ఉంది.

చెల్లెలు నెమ్మదిగా వెళ్ళి గ్యారేజీ షట్టరు కిందికంటా లాగింది. పక్క గ్యారేజీ మాటలు ఆగిపోయాయి. లోపల సగం చీకటి పడింది.

"నువ్వేమీ చెప్పొద్దు నాన్నా" అంది. "ఎవరికీ చెప్పనని బావ నాకు మాటిచ్చి తప్పలేదు. చెప్పమన్నది నేనే. ఆ రోజు సాయంత్రం అక్కకి చెప్పేయమని నేనే పంపించాను."